తూకం ఒక మాట, లాగ్‌బుక్ మరో మాట: కొవ్వు తగ్గించి కండ పెంచిన 24 వారాల కేస్ స్టడీ

ఈ కేసు 43 ఏళ్ల ఒక మహిళది. ఎత్తు 160 సెంటీమీటర్లు, మొదటి వారపు సగటు బరువు 71.2 కిలోలు, బొడ్డు మట్టంలో కొలిచిన నడుము చుట్టుకొలత 92 సెంటీమీటర్లు. రోజులో అధిక భాగం కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. ఆమె అనుమతి తీసుకునే ఈ వివరాలు రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టడానికి వీలిచ్చే సంగతులేవీ ఇందులో చేర్చలేదు.

కొత్తగా బరువులెత్తడం మొదలుపెట్టినవారిలో ఒకవైపు కొవ్వు తగ్గుతూ మరోవైపు కండ పెరగడం అరుదైన విషయమేమీ కాదు కాబట్టి, ఫలితం గొప్పగా ఉందని ఈ కేసును ఎంచుకోలేదు. పన్నెండో వారంలో బరువు యంత్రం పూర్తి విజయాన్ని చూపిస్తుంటే, వ్యాయామాల లాగ్‌బుక్ అందుకు పూర్తిగా విరుద్ధమైన సమాచారం ఇచ్చింది. ఆ రెంటిలో దేన్ని నమ్మి ఆహారాన్ని సవరించాలన్న ప్రశ్న ఇంత స్పష్టంగా ఎదురయ్యే సందర్భాలు తక్కువ. ఆహారం సరిపోతోందా లేదా అన్నది తేల్చడానికి మన దగ్గరున్న సాధనాల్లో లాగ్‌బుక్కే ముందు మాట్లాడుతుందన్నది నా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి ఆధారమేమిటో ఈ కేసు చూపిస్తుంది.

పూర్వ చరిత్ర

రెండేళ్ల కిందట ఆమె రాత్రి భోజనం పూర్తిగా మానేసి, రోజూ గంటసేపు నడిచి, మూడు నెలల్లో 9 కిలోలు తగ్గారు. ఆ తర్వాతి ఏడాదిలో 10 కిలోలు తిరిగి వచ్చాయి. బరువుల వ్యాయామం లేకుండా, ప్రోటీన్ చాలినంత తినకుండా తగ్గే బరువులో సుమారు పావు వంతు కొవ్వు కాని కణజాలం ఉంటుందని సాధారణంగా లెక్క వేస్తారు. తిరిగి వచ్చే బరువులో మాత్రం కొవ్వు వాటాయే ఎక్కువ. కాబట్టి ఒక్కసారి ఇలా తగ్గి పెరిగిన మనిషి పాత బరువుకే చేరినా పాత శరీరానికి చేరినట్టు కాదు. ఆమె మాటల్లోనే చెప్పాలంటే, "అప్పటి బరువే ఉన్నాను గానీ, అప్పుడు పట్టిన బట్టలు ఇప్పుడు పట్టడం లేదు, మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తున్నాయి."

వైద్య పరీక్షల్లో థైరాయిడ్, మూత్రపిండాల పనితీరు సాధారణంగా ఉన్నాయి. మూడు నెలల సగటు చక్కెరను సూచించే హెచ్‌బీఏ1సీ 5.9 శాతం ఉంది, 5.7 నుంచి 6.4 వరకు మధుమేహానికి ముందు దశగా పరిగణిస్తారు. మోకాళ్లను పరీక్షించిన వైద్యులు కీళ్లలో అరుగుదల లేదని, తొడ కండరాలు బలహీనంగా ఉన్నాయని చెప్పి వ్యాయామానికి అనుమతి ఇచ్చారు. ఈ అనుమతి నాకు లాంఛనం కాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ప్రోటీన్ పెంచడం, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారి చేత ఊపిరి బిగపట్టి బరువులు ఎత్తించడం ప్రమాదకరం. అందుకే రిపోర్టులు చూడనిదే ప్రణాళిక రాయను.

డెక్సా స్కాన్‌లో (తక్కువ మోతాదు ఎక్స్‌రేలతో కొవ్వు, ఎముక, మిగతా కణజాలాన్ని విడివిడిగా కొలిచే పరీక్ష) శరీర కొవ్వు 38.4 శాతం అని తేలింది. అంటే సుమారు 27.3 కిలోల కొవ్వు, ఎముకలతో కలిపి 43.9 కిలోల కొవ్వేతర భాగం. ఇంట్లో ఆమె దగ్గర కొవ్వు శాతం చూపించే బరువు యంత్రం ఒకటి ఉండేది. అది పొద్దున ఒక అంకె, సాయంత్రం మరో అంకె చూపించేది. అలాంటి యంత్రాలు కాళ్ల ద్వారా స్వల్ప విద్యుత్తును పంపి, దానికి ఎదురయ్యే నిరోధాన్ని బట్టి కొవ్వును అంచనా వేస్తాయి. శరీరంలో నీరు మారితే అంకె కూడా మారిపోతుంది. ఆ యంత్రాన్ని బరువుకు మాత్రమే వాడదామని, శాతాన్ని చూడవద్దని మొదటి రోజే అనుకున్నాం.

ఆహారపు లెక్క

మొదటి పని ఆమె నిజంగా ఎంత తింటున్నారో తెలుసుకోవడం. మూడు రోజుల ఆహారం రాసి తెమ్మంటే 1,300 కేలరీలకు కాస్త అటూ ఇటూగా లెక్క వచ్చింది. అదే నిజమైతే ఆమె బరువు తగ్గుతూ ఉండాలి, కానీ ఆరు నెలలుగా స్థిరంగా ఉంది. మిఫ్లిన్–సెయింట్ జియోర్ సూత్రం ప్రకారం ఆమె విశ్రాంతి దశలో ఖర్చు చేసే శక్తి రోజుకు సుమారు 1,336 కేలరీలు; కూర్చుని చేసే పని, కొద్దిపాటి నడక కలిపి 1.4తో హెచ్చిస్తే 1,870 దగ్గర తేలుతుంది. స్థిరంగా ఉన్న బరువు కూడా అదే చెబుతోంది. రాసిన దానికీ తిన్న దానికీ మధ్య 500 కేలరీలకు పైగా తేడా ఉందన్నమాట.

ఇది అబద్ధం చెప్పడం కాదు. "ఏం తిన్నా తగ్గను" అని నమ్మే కొందరిని పరిశీలించి 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన అధ్యయనంలో, వాళ్లు తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పినట్టు తేలింది. వాళ్ల జీవక్రియలో లోపమేమీ కనబడలేదు. ఈ సంగతి క్లయింటుకు ఎలా చెబుతామన్నది చాలా ముఖ్యం, ఎందుకంటే తనను అనుమానిస్తున్నారని అనిపించిన మరుక్షణం మనిషి రాయడం మానేస్తారు. నేను ఆమెను మళ్లీ రాయమనలేదు. నూనె సీసాను సోమవారం పొద్దున వంటింటి త్రాసు మీద తూచి, మరుసటి సోమవారం మళ్లీ తూచి, తేడాను ఇంట్లో తినేవారి సంఖ్యతో భాగించమన్నాను. మనిషికి రోజుకు 45 గ్రాములు వచ్చింది. గ్రాము నూనెకు 9 కేలరీల చొప్పున అదొక్కటే 400 దాటింది. ఆమె రాసిన కాగితంలో నూనె అన్న పదమే లేదు. చక్కెర వేసిన టీలు, వండుతూ రుచి చూసినవి, పిల్లలు వదిలేస్తే పారేయలేక తిన్నవి మిగతా లోటును పూరించాయి.

లక్ష్యాన్ని రోజుకు 1,550 కేలరీలుగా పెట్టాను. సుమారు 300 కేలరీల లోటు. ఇది చాలామందికి నిరుత్సాహం కలిగించేంత చిన్న అంకె. కిలో కొవ్వులో ఉజ్జాయింపుగా 7,700 కేలరీలు ఉంటాయి కాబట్టి వారానికి పావు కిలో చిల్లర మాత్రమే తగ్గుతుంది. అయినా చిన్న లోటునే ఎంచుకోవడానికి కారణం ఉంది. నార్వేలో క్రీడాకారులపై జరిపి 2011లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, వారానికి శరీర బరువులో 0.7 శాతం చొప్పున తగ్గినవారు కొవ్వు కోల్పోతూనే కొవ్వేతర భాగాన్ని సుమారు 2 శాతం పెంచుకోగలిగారు, 1.4 శాతం చొప్పున తగ్గాలని పెట్టుకున్నవారికి ఆ పెరుగుదల దక్కలేదు. ఈమె క్రీడాకారిణి కాదు, పైగా ఒకసారి వేగంగా తగ్గి దెబ్బతిన్న మనిషి. అర శాతం కంటే నెమ్మదిగా వెళ్లడానికే నేను మొగ్గు చూపాను.

ప్రోటీన్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఆమె తింటున్నది రోజుకు 48 గ్రాములు, అందులోనూ ఉదయం దాదాపు శూన్యం. ఆరోగ్యవంతులైన పెద్దలకు సిఫారసు చేసే కనీస మోతాదు కిలో బరువుకు 0.8 గ్రాములు, అది లోపం రాకుండా ఉండడానికి పెట్టిన హద్దే తప్ప కండ పెంచడానికి పెట్టిన లక్ష్యం కాదు. బరువుల వ్యాయామం చేసేవారిపై జరిగిన 49 ప్రయోగాలను కలిపి విశ్లేషించి 2018లో ప్రచురించిన పరిశీలనలో, కిలోకు 1.6 గ్రాములు దాటాక సగటున అదనపు లాభం కనబడలేదు. ఆ లెక్కన ఆమెకు 110 గ్రాములు లక్ష్యంగా పెట్టాను.

ఇక్కడ ఒక సాధారణ అపోహను తొలగించవలసి వచ్చింది. ఆమె అప్పటికే "ప్రోటీన్ కోసం" పప్పు ఎక్కువ తింటున్నారు. వండిన 100 గ్రాముల పప్పులో ఉండే ప్రోటీన్ సుమారు 9 గ్రాములు, పిండిపదార్థం 20 గ్రాములు. 110 గ్రాములూ పప్పుతోనే రావాలంటే రోజుకు కిలోకు పైగా వండిన పప్పు తినాలి, దాంతోనే 1,400 కేలరీలు అయిపోతాయి. పప్పు మంచి ఆహారమే. కానీ తక్కువ కేలరీల్లో ఎక్కువ ప్రోటీన్ రావలసిన ప్రణాళికలో దాని పాత్ర పరిమితం. గుడ్లు, చికెన్, చేప, నీళ్లు వడకట్టిన చిక్కటి పెరుగు, సోయా, అవసరమైన రోజున ఒక చెంచా వే ప్రోటీన్ (పాల నుంచి తీసిన ప్రోటీన్ పొడి) ప్రధానంగా నిలిచాయి. 48 నుంచి ఒకేసారి 110కి పోతే కడుపుబ్బరం, విసుగు తప్పవు కనుక రెండు వారాలు 75, తర్వాత రెండు వారాలు 95, ఐదో వారం నుంచి 110 అనుకున్నాం. ప్రతి భోజనంలోనూ 25 నుంచి 35 గ్రాములు పడేలా పంచాం. కొవ్వు 50 గ్రాములు. మిగిలిన 660 కేలరీలు పిండిపదార్థానికి, అంటే 165 గ్రాములు. వాటిలో ఎక్కువ వాటా వ్యాయామానికి ముందు, తర్వాత తినే భోజనాల్లో ఉంచాను. ప్రత్యేకంగా నిషేధించిన పదార్థమేదీ లేదు.

సప్లిమెంట్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కండరాల బలానికి తోడ్పడే క్రియాటిన్ మోనోహైడ్రేట్ రోజుకు 3 గ్రాములు ఇచ్చాం. అది రక్త పరీక్షలో మూత్రపిండాల పనితీరుకు సూచికగా చూసే క్రియాటినిన్ అంకెను కొంచెం పెంచవచ్చు కాబట్టి ఆ సంగతి ఆమె వైద్యులకు ముందే తెలియజేశాం.

వ్యాయామ ప్రణాళిక

వారానికి మూడు రోజులు, ప్రతిసారీ ఒళ్లంతటికీ. గాబ్లెట్ స్క్వాట్ (డంబెల్‌ను ఛాతీ ముందు పట్టుకుని కూర్చుని లేవడం), రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (నడుము దగ్గర వంగి బరువును తొడల వెనుక కండరాలతో లేపడం), డంబెల్ బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని పైకి నెట్టడం), లాట్ పుల్‌డౌన్ (పైనున్న కడ్డీని ఛాతీ వైపు లాగడం), కూర్చుని లాగే కేబుల్ రో, హిప్ థ్రస్ట్ (వీపును బల్లకు ఆనించి తుంటిని పైకి లేపడం), తలపైకి నెట్టే డంబెల్ ప్రెస్. వీటిని రెండు రకాల రోజులుగా విడగొట్టి మార్చి మార్చి చేయించాను. ప్రతి ప్రధాన కండర సముదాయానికి వారానికి 6 సెట్లతో (ఒక సెట్టు అంటే మధ్యలో ఆగకుండా వరుసగా చేసే విడత) మొదలై, తొమ్మిదో వారానికి 10 సెట్లకు చేరాం. మోకాళ్ల కారణంగా స్క్వాట్‌ను మొదట ఒక ఎత్తైన బల్ల మీద కూర్చుని లేచే పద్ధతిలో నేర్పి, ప్రతి రెండు వారాలకు బల్ల ఎత్తు తగ్గించాను. ఆరో వారానికి మెట్ల మీద నొప్పి రావడం లేదని ఆమె చెప్పారు. అయినా ఒంటికాలి మీద భారం పడే స్ప్లిట్ స్క్వాట్‌ను తొమ్మిదో వారం దాకా ప్రవేశపెట్టలేదు.

భారం పెంచే నియమం చాలా పాతది. 1940లలో అమెరికా సైనిక వైద్యుడు థామస్ డెలార్మ్ గాయపడ్డ సైనికుల కండరాలను తిరిగి బలపరచడానికి క్రమంగా పెంచే భారాన్ని వాడి, ఆ పద్ధతిని వైద్య సాహిత్యంలోకి తెచ్చాడు. నేటికీ మనం చేసేది దాని రూపాంతరమే. ఆమెకు ఇచ్చిన సూత్రం ఇది: ప్రతి వ్యాయామంలో 3 సెట్లు, 8 నుంచి 12 రెప్స్ (ఒక్కో సెట్టులో ఆ కదలికను చేసే సార్లు); మూడు సెట్లలోనూ 12 వచ్చిన రోజున, తర్వాతిసారి అందుబాటులో ఉన్న అతిచిన్న మెట్టు మేరకు బరువు పెంచాలి, రెప్స్ 8కి పడిపోయినా ఫరవాలేదు. ప్రతి సెట్టూ ఇంకా రెండు రెప్స్ చేయగలననిపించే చోట ఆపాలి.

ఆ "ఇంకా రెండు" అన్నది కొత్తవారికి అంత తేలిగ్గా తెలియదు. మొదటి వారంలో 8 కిలోల డంబెల్‌తో పది స్క్వాట్లు చేసి ఇక రెండే మిగిలాయన్నారు. మరో సెట్టులో నేను పక్కనే నిలబడి ఆగవద్దంటే పంతొమ్మిది చేశారు. అందుకే మూడో వారం నుంచి, ప్రతి వ్యాయామంలోనూ చివరి సెట్టును నెలకోసారి నా పర్యవేక్షణలో దాదాపు ఆగిపోయేదాకా చేయించాను. దాంతో ఆమె అంచనాలు నిజానికి దగ్గరయ్యాయి, లాగ్‌బుక్‌లోని అంకెలకు అర్థం వచ్చింది. ఈ సవరణ లేకపోతే లాగ్‌బుక్ ఆధారంగా నిర్ణయం తీసుకోవడం కుదరదు.

లాగ్‌బుక్ అంటే మామూలు నోటు పుస్తకమే. ప్రతి సెట్టుకు బరువు, రెప్స్, ఎన్ని మిగిలాయి. పేజీ పైన తేదీ, గత రాత్రి నిద్ర గంటలు. దానికి తోడు రోజూ ఉదయం బరువు, వారానికోసారి నడుము కొలత, రోజువారీ అడుగుల లెక్క. అడుగులు 4,000 నుంచి 8,000కు క్రమంగా పెంచాం. బరువు విషయంలో ఒక నియమం పెట్టుకున్నాం: ఏ రోజు అంకెనూ పట్టించుకోకూడదు, వారపు సగటునే చూడాలి. ఆ సగటును కూడా గత వారంతో కాకుండా నాలుగు వారాల కిందటి సగటుతో పోల్చాలి. నెలసరి చక్రంలో శరీరం నిలుపుకునే నీటి వల్ల ఒకటి నుంచి రెండు కిలోల తేడా రావడం సహజం. చక్రంలో ఒకే దశలో ఉన్న రెండు వారాలను పోల్చినప్పుడే ఆ తేడా తొలగిపోతుంది. మహిళా క్లయింట్లు కార్యక్రమాన్ని మధ్యలో వదిలేయడానికి ఈ ఒక్క విషయం తెలియకపోవడమే చాలాసార్లు కారణమని నాకనిపిస్తుంది.

మొదటి మలుపు: కదలని తూకం

నాలుగో వారపు సగటు బరువు 71.3 కిలోలు. మొదలుపెట్టిన దానికంటే వంద గ్రాములు ఎక్కువ. ఆమె ఫోన్ చేసి, "నెల రోజులు నోరు కట్టుకుంటే పెరిగానండీ, ఇంకో రెండు వందలు తగ్గించెయ్యనా?" అని అడిగారు. అదే నెలలో స్క్వాట్ 8 కిలోల నుంచి 12 కిలోలకు, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ 20 కిలోల ఖాళీ బార్ నుంచి 30 కిలోలకు వెళ్లాయి; నడుము 92 నుంచి 90.6కు తగ్గింది. వ్యాయామం మొదలుపెట్టిన కండరం గ్లైకోజెన్‌ను (శరీరం దాచుకునే పిండిపదార్థం) ఎక్కువగా నిల్వ చేసుకుంటుంది, ఒక్కో గ్రాము గ్లైకోజెన్ వెంట సుమారు 3 గ్రాముల నీరు చేరుతుంది. కొత్త శ్రమ వల్ల కండరాల్లో వచ్చే వాపు, క్రియాటిన్ వల్ల చేరే నీరు కూడా దానికి తోడవుతాయి. కొవ్వు పోయినంత మేరా నీరు వచ్చి చేరితే తూకం కదలదు.

తొలి వారాల్లో పెరిగిన బలం చాలావరకు నాడీ వ్యవస్థ నేర్చుకోవడం వల్ల వచ్చేదే, కండ పెరగడం వల్ల కాదు. ఆ సంగతి తెలిసినా, బలం పెరుగుతూ నడుము తగ్గుతున్నప్పుడు ఆహారంలో చెయ్యి పెట్టడానికి కారణం లేదు. ఏమీ మార్చలేదు. ఎనిమిదో వారానికి సగటు 69.9కి, పదో వారానికి 69.2కి దిగింది, నడుము 88 అయింది.

రెండో మలుపు: పన్నెండో వారం

పదకొండు, పన్నెండో వారాల్లో బరువు వారానికి 0.8 కిలో చొప్పున పడి 67.6కు చేరింది. ఆమె ఆనందంగా ఉన్నారు. తూకం మాత్రమే చూసేవారెవరైనా ఇప్పుడే దారిలో పడ్డామని అనుకుంటారు. లాగ్‌బుక్‌లో మాత్రం పదో వారంలో 18 కిలోలతో 12, 11, 10 వచ్చిన గాబ్లెట్ స్క్వాట్ పన్నెండో వారంలో అదే బరువుతో 10, 8, 7 అయింది. 45 కిలోల డెడ్‌లిఫ్ట్ 10, 10, 9 నుంచి 8, 7, 6కు పడింది. పుల్‌డౌన్, బెంచ్ ప్రెస్ కూడా వెనక్కి వెళ్లాయి. "ఎన్ని మిగిలాయి" అన్న గడిలో ఎప్పుడూ 2 ఉండేచోట సున్నాలు కనిపించాయి. పేజీ పైన నిద్ర 5, 5, 5.5. అడుగులు కూడా ఆమెకు తెలియకుండానే 8,000 నుంచి 5,500కు జారాయి.

ఒక్క వ్యాయామం వెనక్కి వెళితే నేను ముందు భంగిమనో, కీలు నొప్పినో, నిన్నటి శ్రమనో అనుమానిస్తాను. అన్నీ ఒకేసారి, వరుసగా రెండు సార్లు వెనక్కి వెళితే సమస్య ఆ వ్యాయామాల్లో ఉండదు. శరీరానికి అందుతున్న దానిలోనో, దానికి దొరుకుతున్న విశ్రాంతిలోనో ఉంటుంది. అడిగితే విషయం బయటపడింది. ఆఫీసులో పని ఒత్తిడి వల్ల ఆలస్యంగా ఇంటికి చేరడం, అలసటతో రాత్రి భోజనం మానేయడం, తూకం పడుతుండడంతో దాన్నే కొనసాగించడం. ఆ రెండు వారాలు ఆమె తిన్నది రోజుకు 1,200 కేలరీల లోపు, ప్రోటీన్ 70 గ్రాములు. రెండేళ్ల కిందటి పద్ధతి చెప్పాపెట్టకుండా తిరిగి వచ్చింది.

నిద్ర సంగతిని ఇక్కడ పక్కన పెట్టలేం. 2010లో అన్నల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్‌లో వచ్చిన ఒక చిన్న ప్రయోగంలో పది మందికి ఒకే స్థాయి కేలరీ లోటుతో 14 రోజులు ఒకసారి 8.5 గంటలు, మరోసారి 5.5 గంటలు నిద్రకు అవకాశం ఇచ్చారు. తగ్గిన బరువు దాదాపు ఒకటే. కానీ తక్కువ నిద్రలో కొవ్వు తగ్గుదల 55 శాతం పడిపోయి, ఆ స్థానంలో కొవ్వేతర భాగం కరిగింది. పది మందితో చేసిన ప్రయోగం మీద ఎక్కువ భారం వేయకూడదు. అయినా నా ముందున్న పేజీలో కనిపిస్తున్న దానికి అది సరిగ్గా సరిపోయింది.

రెండు వారాలు ఆహారాన్ని 1,750 కేలరీలకు పెంచాను, అంటే అప్పటి బరువుకు దాదాపు నిలకడ స్థాయి. ప్రోటీన్ మళ్లీ 110. పెంచినది ఎక్కువగా పిండిపదార్థమే. సెట్ల సంఖ్యను మొదటి వారం సగానికి తగ్గించి, రెండో వారం యథాస్థితికి తెచ్చాం. రాత్రి వండే ఓపిక లేని రోజులకోసం ముందే ఉడికించి ఫ్రిజ్‌లో ఉంచిన గుడ్లు, చికెన్, పెరుగుతో పది నిమిషాల్లో తయారయ్యే ఒక భోజనం నిర్ణయించాం. నిద్ర విషయంలో ఏడు గంటలకు చేరడం అప్పట్లో సాధ్యం కాదన్నారు. ఆరున్నర దాకా వచ్చారు.

ఈ సవరణకు ఆమెను ఒప్పించడం మొత్తం 24 వారాల్లో అన్నింటికంటే కష్టమైన పని. తూకం తగ్గుతుండగా ఎక్కువ తినమని చెప్పే మాట ఎవరికైనా మింగుడుపడదు. పదో వారం పేజీని, పన్నెండో వారం పేజీని పక్కపక్కన పెట్టి చూపించాను. ఒకే డంబెల్, ఒకే మనిషి, రెండు వారాల తేడాలో ఎనిమిది రెప్స్ తక్కువ. ఆమె చాలాసేపు చూసి, "పోయినసారి కూడా ఇలాగే అయ్యుంటుంది కదా, అప్పుడు రాసుకోలేదంతే" అన్నారు. ఆ తర్వాత నేను మరి నచ్చజెప్పవలసిన అవసరం రాలేదు.

పద్నాలుగో వారానికి బరువు 68.3 అయింది, నడుము 87.2 నుంచి 87కు, అంటే పెరగలేదు. గాబ్లెట్ స్క్వాట్ 18 కిలోలతో 12, 12, 11. ఏడు వందల గ్రాముల పెరుగుదలలో అధిక భాగం తిరిగి నిండిన గ్లైకోజెన్, నీరేనని నడుము కొలత చెప్పింది. కోలుకోవడానికి కారణం పెరిగిన ఆహారమా, నిద్రా, తగ్గించిన సెట్లా అన్నది ఈ ఒక్క కేసుతో విడదీసి చెప్పడం కుదరదు. మూడింటినీ ఒకేసారి మార్చాం. క్లయింటు కోలుకోవడం ముఖ్యమైనప్పుడు ఒక్కొక్కటీ వేరుగా పరీక్షించే వెసులుబాటు ఉండదు.

మిగిలిన పది వారాలు

పదిహేనో వారం నుంచి తిరిగి 1,550కి వచ్చాం. ఈ కాలంలో చెప్పుకోదగ్గ సంఘటనలు తక్కువ. పదిహేడో వారంలో తలపైకి నెట్టే ప్రెస్‌లో కుడి భుజం ముందు భాగంలో పోటు వచ్చింది. వాలుబల్ల మీద చేసే ప్రెస్‌కు మార్చి, వెనుక భుజానికి రెండు సెట్లు చేరిస్తే మూడు వారాల్లో సర్దుకుంది. ఇరవయ్యో వారంలో వారం రోజులు ప్రయాణాల్లో ఉండి వ్యాయామం చేయలేదు. ప్రోటీన్ మాత్రం తప్పకుండా చూసుకున్నారు. తిరిగొచ్చిన రెండో రోజుకే పాత అంకెలు వచ్చాయి.

ఈ పది వారాల్లో నేను అనుసరించిన పద్ధతిని ఇలా చెప్పవచ్చు. బలం పెరుగుతూ నడుము తగ్గుతుంటే తూకం ఏం చెప్పినా ఆహారం జోలికి వెళ్లను. బలం పెరుగుతున్నా నాలుగు వారాలుగా నడుమూ సగటు బరువూ రెండూ కదలకపోతే ముందు నూనె సీసానూ అడుగుల లెక్కనూ మళ్లీ చూసి, అవి సరిగా ఉంటేనే 100 నుంచి 150 కేలరీలు తగ్గిస్తాను. చాలా వ్యాయామాల్లో బలం పడిపోతూ బరువు వేగంగా తగ్గుతుంటే ఆహారం పెంచుతాను. బలమూ తగ్గి, బరువూ నడుమూ కూడా తగ్గకపోతే ఆహారాన్ని వదిలి నిద్ర, మానసిక ఒత్తిడి, అవసరమైతే వైద్య పరీక్షల వైపు చూస్తాను. ఈమె విషయంలో ఆ పది వారాలూ మొదటి పరిస్థితే నడిచింది కాబట్టి మార్పులేవీ చేయలేదు.

ఫలితాలు

24వ వారపు సగటు బరువు 66.9 కిలోలు, నడుము 83.5 సెంటీమీటర్లు. అదే యంత్రం మీద, మొదటిసారిలాగే ఉదయం పరగడుపున తీయించిన డెక్సాలో కొవ్వు 32.3 శాతం. అంటే కొవ్వు 27.3 నుంచి 21.6 కిలోలకు తగ్గింది, కొవ్వేతర భాగం 43.9 నుంచి 45.3కు పెరిగింది. తూకం మీద తగ్గినది 4.3 కిలోలే అయినా పోయిన కొవ్వు 5.7 కిలోలు. 5.7ను 7,700తో హెచ్చించి 168 రోజులతో భాగిస్తే రోజుకు సుమారు 260 కేలరీల లోటు వస్తుంది; మధ్యలో రెండు వారాల నిలకడ దశను కలుపుకుంటే మేం పెట్టుకున్న 300కు ఇది దగ్గరగానే ఉంది. లెక్క ఇలా పొసగడం, ఆమె రాసిన ఆహారం ఈసారి నిజానికి దగ్గరగా ఉందనడానికి ఒక నిదర్శనం.

గాబ్లెట్ స్క్వాట్ 24 కిలోలతో పది రెప్స్, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ 60 కిలోలతో ఎనిమిది, డంబెల్ బెంచ్ ప్రెస్ చేతికి 5 కిలోల నుంచి 11 కిలోలు, పుల్‌డౌన్ 20 నుంచి 37.5. హెచ్‌బీఏ1సీ 5.6కు వచ్చింది. నడుమును ఎత్తుతో భాగిస్తే మొదట్లో 0.58 ఉన్నది 0.52 అయింది, 0.5 లోపు ఉండాలన్నది సాధారణ సలహా కనుక ఇంకా కొంత దూరం మిగిలే ఉంది.

ఈ అంకెలను చదివేటప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరం. డెక్సా చూపించే కొవ్వేతర భాగం అంతా కండరం కాదు. నీరు, గ్లైకోజెన్, క్రియాటిన్ వల్ల నిలిచే నీరు కూడా అందులోకే వస్తాయి. కాబట్టి 1.4 కిలోల పెరుగుదలలో నిజమైన కండ ఎంతన్నది ఆ స్కాన్ చెప్పలేదు. మధ్యలో స్కాన్ తీయించకపోవడానికీ ఇదే కారణం: పన్నెండు వారాల్లో వచ్చే మార్పు, ఆ యంత్రంలో సహజంగా ఉండే హెచ్చుతగ్గులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి అనవసరపు ఆందోళన కలిగిస్తాయి. ఇక ఈమె వ్యాయామానికి కొత్త, శరీరంలో కొవ్వు నిల్వ ఎక్కువ, మొదట తింటున్న ప్రోటీన్ చాలా తక్కువ. ఈ మూడూ కలిసినప్పుడే కొవ్వు తగ్గడం, కండ పెరగడం ఒకేసారి ఇంత సాఫీగా సాగుతాయి. ఏళ్ల తరబడి బరువులెత్తుతూ, ఇప్పటికే సన్నగా ఉన్నవారికి ఇదే ప్రణాళిక ఇస్తే ఇలాంటి ఫలితం ఆశించకూడదు. వాళ్లకు పెంచే దశ, తగ్గించే దశ వేరువేరుగా పెట్టడమే మెరుగు.

ప్రస్తుత స్థితి

24వ వారం తర్వాత ఆమె మరో ఐదు కిలోలు తగ్గాలని కోరారు. నేను మూడు నెలలు ఆగమన్నాను. ఇప్పుడు రోజుకు 1,800 కేలరీలు, అదే 110 గ్రాముల ప్రోటీన్, వారానికి నాలుగు రోజులు వ్యాయామం: రెండు రోజులు కింది భాగం, రెండు రోజులు పై భాగం, ప్రతి కండర సముదాయానికి 12 సెట్లు. గాబ్లెట్ స్క్వాట్‌లో డంబెల్‌ను పట్టుకునే చేతులు కాళ్లకంటే ముందు అలసిపోతున్నాయి కాబట్టి బార్బెల్ స్క్వాట్ నేర్పుతున్నాను. రోజూ బరువు చూసుకోవడం తగ్గించి వారానికి మూడు రోజులకు తెచ్చాం. నడుము 85 దాటితే 150 కేలరీలు తగ్గించాలని, 85 లోపు ఉండి లాగ్‌బుక్ పెరుగుతున్నంతకాలం ఏమీ మార్చకూడదని ఇద్దరం రాసి పెట్టుకున్నాం. తదుపరి డెక్సా, రక్త పరీక్షలు ఈ దశ ముగిశాక, కొవ్వు తగ్గించే రెండో దశ మొదలుపెట్టే ముందు చేయించాలి.